ఫీల్డ్‌వర్క్‌లో నన్ను ఇళ్లకు పంపడం లేదు: ఇది నా ఇంగ్లీషు లోపమా, రంగు గొడవా?

గాజువాక అమ్మాయి:

అందరికీ నమస్కారం. ఆగస్టులో అమెరికా వచ్చాను. సోషల్ వర్క్ మాస్టర్స్‌లో మొదటి సెమిస్టరు. డిగ్రీ చేతికి రావాలంటే కనీసం 900 గంటల ఫీల్డ్‌వర్క్ చేయాలి. నన్ను కుటుంబాలకు సాయపడే ఒక సంస్థకు పంపారు. ఎనిమిది వారాలైంది. నాతోపాటు చేరిన ఇద్దరు తెల్లమ్మాయిలు రెండో వారం నుంచే ఇళ్లకు వెళ్లి మాట్లాడి వస్తున్నారు. నేను ఫైళ్లు సర్దుతున్నాను, జిరాక్సులు తీస్తున్నాను. ఎందుకని అడిగితే సూపర్‌వైజర్ నవ్వుతూ, 'మా కుటుంబాలకు నీతో ఇబ్బందిగా ఉండొచ్చు' అన్నారు. ఏ కుటుంబమూ ఇంతవరకు నా మొహం చూడలేదు. పైగా పోయిన ఏడాది అక్కడ పనిచేసిన మరో భారతీయ అమ్మాయి పేరుతో నన్ను పిలుస్తారు. మొన్న మధ్యంతర మదింపులో 'వృత్తిపరమైన సంభాషణ' అన్న చోట అయిదుకి రెండు వేశారు.

2020 మే 7న మన విశాఖ వెంకటాపురంలో గ్యాస్ లీకయింది కదా. ఆ తర్వాత ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున ఏడాదిపాటు ఆ ఊళ్లో ఇంటింటికీ తిరిగాను. బాధలో ఉన్నవాళ్ల తలుపు తట్టడం నాకు కొత్త కాదు. అయినా ఇప్పుడు నామీద నాకే అనుమానం వస్తోంది. ఫిర్యాదు చేస్తే వీసాకు ఏమైనా అవుతుందా? ఇంట్లో చెప్పలేదు. నాన్న పీఎఫ్ డబ్బు తీసి పంపారు.

డాలస్ బాబాయి:

అమ్మా, పాతికేళ్లుగా ఇక్కడున్నవాణ్ని చెబుతున్నాను. తల వంచుకుని డిగ్రీ తెచ్చుకో. అప్పు తీరాక ఆత్మాభిమానం సంగతి చూసుకోవచ్చు. యల్లాప్రగడ సుబ్బారావుగారంతటి శాస్త్రవేత్తే హార్వర్డ్‌లో చదువుతూ రాత్రిళ్లు ఆస్పత్రిలో కూలిపని చేశారు. ఎవరిమీదైనా ఫిర్యాదు పెట్టారా?

పెదవాల్తేరు పెద్దమ్మ:

అమ్మాయీ, ఇక్కడ తెల్లవారుజాము నాలుగున్నర. జాలారిపేట పడవలు సముద్రంలోకి వెళ్లే వేళ. నాకు నిద్ర పట్టని వేళ కూడా. ఇరవై రెండేళ్లు అమెరికాలో నీలాంటి పిల్లలకే పాఠాలు చెప్పి, నాలుగేళ్ల కిందట ఊరికి తిరిగొచ్చాను.

ముందు బాబాయిగారితో ఒక మాట. సుబ్బారావుగారు అమెరికాలో దిగింది 1923లో. ఆ ఏడాదే అక్కడి సుప్రీంకోర్టు భగత్‌సింగ్ థింద్ కేసులో భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తేల్చేసింది. మీరన్నట్టు ఆయన ఫిర్యాదు పెట్టలేదనే అనుకుందాం. ఎవరికి పెట్టాలి? అంత పనిచేసినా హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం దక్కలేదు, 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లిపోయారు. చెప్పుకోవడానికంటూ ఒక చోటు 1964 పౌరహక్కుల చట్టంతో వచ్చింది. నల్లజాతివాళ్లు దెబ్బలు తిని, జైళ్లకు వెళ్లి సాధించుకున్న చట్టం అది. వలస చట్టం మారి మనవాళ్లు విమానాలెక్కింది ఆ మరుసటి ఏడాది తర్వాతే. బాబాయిగారూ, మీరూ నేనూ అలా వెళ్లినవాళ్లమే.

ఇంగ్లీషా, రంగా అని అడిగావు. ఈ ప్రశ్న మీద నేను రెండేళ్లు తగలేశాను. ఉద్యోగంలో చేరిన మొదటి సెమిస్టరు చివర విద్యార్థుల అభిప్రాయ పత్రాల్లో 'ఈవిడ మాట అర్థం కాదు' అని నలుగురు రాశారు. నేను క్యాసెట్లు కొనుక్కుని, రాత్రిళ్లు అద్దం ముందు నిలబడి పెదవి కొరికి 'వి' పలకడం సాధన చేశాను. శ్రీకాకుళం యాసకు విజయవాడ హాస్టల్లో నవ్వులపాలైనదాన్ని కదా, తప్పు నా నోటిదేనని నమ్మడం నాకు అప్పటికే అలవాటు. మూడో సెమిస్టరులో నన్ను ముఖ్యమైన క్లాసు నుంచి తప్పించబోయారు. మా ఆఫీసులో ఒక నల్లజాతి ఆవిడ ఉండేది, ముప్పయ్యేళ్ల సర్వీసు. ఆమె నా గదికి వచ్చి తలుపు వేసి అంది: 'వాళ్లకు ఏ మాట అర్థం కాలేదో అడిగావా?'

అడిగాను. విభాగాధిపతి నుంచి ఒక్క మాట కూడా రాలేదు. కానీ వెనక బెంచీలో కూర్చునే ఒక కుర్రవాడు, నేను 'వల్నరబుల్' అన్నప్పుడల్లా మధ్యలో ఒక అక్షరం మింగేస్తున్నానని చెప్పాడు. నిజమే. దిద్దుకున్నాను, అతనికి థాంక్స్ కూడా చెప్పాను. ఉచ్చారణ దోషమైతే ఫలానా మాట అని వేలుపెట్టి చూపించగలరు. చూపించలేకపోతే అది నీ నోటికి సంబంధించిన సంగతి కాదు. కాబట్టి సూపర్‌వైజర్‌ను మర్యాదగా అడుగు: ఏ కుటుంబం, ఎప్పుడు, ఏ మాటకు ఇబ్బంది పడింది? ఆ రెండు మార్కులు ఏ సంఘటన చూసి వేశారు? అడిగినదాన్నే ఆ సాయంత్రం ఈమెయిల్‌లో 'ఈరోజు మనం మాట్లాడుకున్నది ఇది' అని రెండు వాక్యాల్లో పంపు.

మా ఆఫీసు నల్లజాతి ఆవిడే నాకో నోటుబుక్కు కూడా ఇచ్చింది. పచ్చ అట్ట, చివర్లో కాఫీ మరక. ఇప్పుడు నా బీరువాలో ఉంది. ఎడమవైపు పేజీలో తేదీ, సమయం, ఎవరున్నారు, అన్నమాట అన్నట్టే ఇంగ్లీషులో. కుడివైపు నా ఏడుపంతా తెలుగులో. ఎడమ పేజీ పైవాళ్లకు చూపించడానికి, కుడి పేజీ నేను పిచ్చిదాన్ని కాకుండా ఉండటానికి. ఆ రోజే రాయాలి. వారం తర్వాత రాస్తే మన కోపం వాళ్ల మాటల్లో కలిసిపోతుంది. ఒక జాగ్రత్త, ఇది తప్పనిసరి: ఆ పుస్తకంలో క్లయింట్ల పేర్లు, చిరునామాలు రాయకు. సంస్థ కాగితం ఒక్కటీ ఇంటికి తీసుకెళ్లకు, ఫోనులో ఫోటో తీయకు. గోప్యత తప్పావన్న మాట వస్తే నీ ఫిర్యాదు పక్కకు పోయి నువ్వే దోషివవుతావు. అలా ఒక విద్యార్థిని చిక్కుకోవడం నా కళ్లారా చూశాను, కాపాడలేకపోయాను.

జిరాక్సుల గంటలు వేరుగా లెక్కపెట్టు. సెమిస్టరు మొదట్లో నువ్వూ సంస్థా కాలేజీ కలిసి సంతకాలు చేసిన అభ్యాస ఒప్పందం ఉంటుంది కదా, అందులో ఇళ్లకు వెళ్లడం రాసి ఉందేమో చూడు. ఉంటే నీ చేతిలో బలమైన కాగితం ఉన్నట్టే. 'నన్ను అవమానించారు' అంటే సానుభూతి చూపించి పంపేస్తారు. 'ఒప్పందంలో ఉన్న పని ఎనిమిది వారాలైనా ఇవ్వలేదు, మిగతా ఇద్దరికీ ఇచ్చారు' అంటే జవాబు చెప్పాల్సి వస్తుంది. అవమానం గురించి మాట్లాడవద్దని కాదు, దాన్ని రెండో పేరాలో పెట్టు.

మొదట వెళ్లాల్సింది కాలేజీ తరఫున మీ ఫీల్డ్‌వర్క్ చూసే అధ్యాపకుల దగ్గరికి. వాళ్లు నాన్చితే ఫీల్డ్‌వర్క్ డైరెక్టరు. ఏం చేయాలో తేలకపోతే, ఎవరి పక్షమూ వహించకుండా సమస్య విని దారి చూపే అంబుడ్స్ కార్యాలయం అని ఉంటుంది, మామూలుగా అక్కడ చెప్పింది బయటికి పోదు. కానీ అక్కడ చెప్పినంత మాత్రాన ఫిర్యాదు నమోదైనట్టు కూడా కాదు, అది గుర్తుంచుకో. నమోదు కావాలంటే వివక్ష ఫిర్యాదులు చూసే కార్యాలయానికి రాసివ్వాలి. దాని పేరు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. టెక్సస్‌లో 2024 జనవరి నుంచి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో వైవిధ్యం పేరున్న కార్యాలయాలను చట్టంతోనే మూయించారు. ఆ బోర్డులు దింపినా 1964 చట్టంలోని టైటిల్ సిక్స్ అలాగే ఉంది. ఫెడరల్ డబ్బు తీసుకునే ఏ విద్యాసంస్థా జాతి, రంగు, పుట్టిన దేశం చూసి తేడా చూపకూడదు, ఫిర్యాదు చేసినందుకు కక్ష తీర్చుకోకూడదు. ఇది పౌరులకే కాదు, నీకూ వర్తిస్తుంది. విద్యాశాఖ పౌరహక్కుల కార్యాలయానికి రాయాలంటే జరిగిన రోజు నుంచి 180 రోజులు గడువు. 2025లో అక్కడి సిబ్బందిని బాగా తగ్గించారు, కాబట్టి అది త్వరగా తేలుస్తుందని ఎదురుచూడకు. గడువు మాత్రం దాటనివ్వకు.

ఫెర్పా అని ఇంకో చట్టం ఉంది. కాలేజీ దగ్గర నీ గురించి ఉన్న విద్యా రికార్డులు చూపించమని రాసి అడిగితే 45 రోజుల్లోగా చూపించాలి. ఆ మదింపు కాగితం మీద ఏం రాశారో మరొకరి నోట వినడం దేనికి?

వీసా భయం నాకు తెలుసు, ఈ రోజుల్లో ఆ భయం లేనివాళ్లెవరు? వివక్ష మీద ఫిర్యాదు చేయడం వీసా నిబంధనను తప్పినట్టు కాదు. చిక్కల్లా కోపంలో ఫీల్డ్‌వర్క్ మానేస్తే వస్తుంది. అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో ముందుగా అనుమతి తీసుకోకుండా కోర్సులు తగ్గించుకుంటే అప్పుడు నిజంగానే వీసా హోదా పోతుంది. చోటు మార్చమని అడిగినా, కొత్త చోటు ఖాయమయ్యే దాకా పాత చోటికి వెళ్తూనే ఉండు.

మన వృత్తి సంగతి కూడా ఒకటి చెప్పాలి. అమెరికాలో సోషల్ వర్క్ కాలేజీలకు గుర్తింపు ఇచ్చే మండలి 2022లో ప్రమాణాలు సవరించింది. జాతి వివక్షను ఎదుర్కోవడం విద్యార్థికి రావాల్సిన సామర్థ్యాల్లో ఒకటని అందులోనే రాసింది. అంటే నువ్వు చేయబోయేది నీ సిలబస్సే. అంతకుముందు ఏడాది అక్కడి సోషల్ వర్కర్ల జాతీయ సంఘం తమ వృత్తి చేసిన పాపాలకు క్షమాపణ చెప్పింది. ఆదివాసీ పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీయడంలోనూ, యుద్ధకాలంలో జపాన్ సంతతివాళ్లను శిబిరాల్లో నమోదు చేయడంలోనూ సోషల్ వర్కర్ల చేయి ఉందని ఒప్పుకుంది. వాళ్లంతా మంచి మనుషులమనే అనుకుని ఉంటారు. మీ సూపర్‌వైజర్ కూడా అనుకుంటూ ఉంటుంది. ఆవిడ మంచిదా చెడ్డదా అన్న చర్చలోకి దిగకు, ఆ చర్చ తెగదు.

మీ క్లాసులో నల్లజాతి పిల్లలు ఉంటారు. వాళ్లతో కూర్చుని భోంచేశావా? మనవాళ్లు మనవాళ్లతోనే పప్పన్నం తిని వచ్చేస్తారు. ఆ సంస్థ గురించి వాళ్ల పై బ్యాచ్‌కు ఎప్పుడో తెలిసి ఉండొచ్చు.

లీడ్స్ నుంచి:

ఇంగ్లండ్‌లో చదివేవాళ్ల కోసం ఒక ముక్క. ఇక్కడ 2010 సమానత్వ చట్టంలో 'జాతి' అంటే రంగు, పౌరసత్వం, పుట్టుపూర్వోత్తరాలు అన్నీ వస్తాయి. యూనివర్సిటీలో ఫిర్యాదు ప్రక్రియ పూర్తయిందని ఉత్తరం ఇస్తారు. ఆ తేదీ నుంచి 12 నెలల్లోగా బయటి న్యాయనిర్ణేత కార్యాలయానికి ఉచితంగా రాసుకోవచ్చు. కోర్టుకు వెళ్లే గడువు మాత్రం జరిగిన రోజు నుంచి ఆరు నెలలే.

అక్కయ్యపాలెం తమ్ముడు:

రంగు గురించి ఇంత బాగా చెప్పారు, సంతోషం. నేను అద్దెగదిలో దిగిన గంటలో మన తెలుగు సీనియరు అడిగిన మొదటి ప్రశ్న 'మీ ఇంటిపేరు ఏమిటి?' చెప్పాక వంటింట్లో నా గిన్నెలు వేరే అరలోకి వెళ్లాయి. దీనికి ఏ నోటుబుక్కు పెట్టమంటారు?

పెదవాల్తేరు పెద్దమ్మ:

అదే నోటుబుక్కు, నాయనా. బ్రాండైస్ యూనివర్సిటీ 2019లో, కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2022లో తమ నిబంధనల్లో కులాన్ని చేర్చాయి. సియాటిల్ నగరం 2023లో చట్టమే చేసింది. వాటిని మనవాళ్లే కొందరు గట్టిగా వ్యతిరేకించారు. తెల్లవాళ్ల చూపు మనమీద పడితే గాయం, మన చూపు నీమీద పడితే ఆచారమా? నీ యూనివర్సిటీ నిబంధనల్లో 'కులం' ఉందేమో చూడు. లేకపోయినా జరిగింది రాసి ఉంచు. ఆ గది మాత్రం త్వరగా మారిపో. ఇక్కడ ఎవరి ఇంట్లోనైనా ఖాళీ ఉంటే ఈ అబ్బాయికి చెప్పండి.

డాలస్ బాబాయి:

తమ్ముడూ, మా ఇంట్లో పైగది ఖాళీగానే ఉంది. ఇంటిపేరు అడగం. సుబ్బారావుగారి సంగతి నేను సగమే చెప్పాను, ఒప్పుకుంటున్నాను.

గాజువాక అమ్మాయి:

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. అడిగాను పెద్దమ్మగారూ. ఏ కుటుంబం అన్న ప్రశ్నకు సూపర్‌వైజర్ కాసేపు కిటికీ వైపు చూసి, 'ప్రత్యేకంగా ఎవరూ కాదు' అన్నారు. సాయంత్రం అదే ఈమెయిల్‌లో పంపాను. ఆ ఈమెయిల్, అభ్యాస ఒప్పందం పట్టుకుని కాలేజీ మేడమ్‌ను కలిస్తే సంస్థకు వచ్చి మాట్లాడారు. సోమవారం నుంచి వారానికి మూడు ఇళ్లు. మొదటి ఇంట్లో ఒక ముసలావిడ నా మాట విని 'మీ దేశంలో వానలు ఎక్కువా?' అని అడిగింది, గంటసేపు వదల్లేదు. మార్కు మాత్రం మార్చలేదు. దానికి నా జవాబు రాసి జతచేయమన్నారు, రాస్తున్నాను. మా పై బ్యాచ్‌లో ఒక నల్లజాతి అక్క పోయిన ఏడాది అదే సంస్థలో చేసిందట. ఆమె రాసుకున్నవి నాలుగు పేజీలున్నాయి. వచ్చే వారం ఇద్దరం కలిసి డైరెక్టరు దగ్గరికి వెళ్తున్నాం.

ఒక్క సందేహం. కొత్త ఒప్పందం సంతకానికి పంపారు. అందులో మళ్లీ ఆ పాత అమ్మాయి పేరే ఉంది. ఇంత జరిగాక ఇది కూడా ఎత్తి చూపిస్తే బాగుంటుందా?

పెదవాల్తేరు పెద్దమ్మ:

పేరు దిద్దించాకే సంతకం పెట్టు. దిద్దకముందు పంపిన కాపీని కూడా దాచు.