అప్‌డేట్: పిట్స్‌బర్గ్‌లో బేస్‌బాల్ చూసొచ్చాం

పెన్ హిల్స్ వెంకటేశ్వర స్వామి గుడికి వెళ్ళిన రోజే పీఎన్‌సీ పార్కు స్టేడియంలో మ్యాచ్ చూడొచ్చా, కారెక్కడ పెట్టాలి, అమ్మానాన్నలు నడవగలరా అని అడిగాను కదా. వెళ్ళొచ్చాం.

కారు డౌన్‌టౌన్‌లోనే వదిలేసి క్లెమెంటే వంతెన మీదుగా నడిచాం. మ్యాచ్ రోజు దాని మీద కార్లు ఆపేస్తారు, పసుపు రంగు వంతెనంతా జనమే. తిరునాళ్ళలా ఉంది. నాన్నగారు మోకాళ్ళ నొప్పి మర్చిపోయి మాకన్నా ముందు నడిచారు! నడవలేని వాళ్ళకి డౌన్‌టౌన్ నుంచి నార్త్ సైడ్ దాకా రైలు ఉచితం.

టికెట్లు మూడో బేస్ వైపు (బ్యాటర్ వెనక నుంచి చూస్తే ఎడమ పక్క) పై అంతస్తులో తీసుకోమన్న వాళ్ళకి దండం. ఎదురుగా అలెఘెనీ నది, దాని వెనకే మేడలు. చీకటి పడి ఒక్కో కిటికీ వెలుగుతుంటే ఆట మీద ధ్యాసే పోయింది.

మైదానం చివర కుడి వైపు గోడ ఎత్తు 21 అడుగులు. వంతెనకి పేరిచ్చిన క్లెమెంటే ఇక్కడి పైరేట్స్ జట్టు ఆటగాడు, ఆయన జెర్సీ నంబరు కూడా 21. భూకంప బాధితులకి సాయం తీసుకెళ్తూ 1972లో విమాన ప్రమాదంలో పోయాడని చెబితే అమ్మ కాసేపు మాట్లాడలేదు.

మధ్యలో పియరోగీ వేషాలేసుకున్న వాళ్ళ పరుగు పందెం. పియరోగీ అంటే బంగాళాదుంప కూరిన మెత్తటి కజ్జికాయలనుకోండి. నాన్నగారి అనుమానం మాత్రం తీరలేదు: "ఇంతకీ ఓవర్ ఎప్పుడు అయిపోతుందిరా?"