పాత ఇంటి పనికి చవక డ్రిల్లు, చవక గ్రైండరు సరిపోతాయా?

పర్లాకిమిడి పెంకుటిల్లు
అందరికీ నమస్కారం. మాది తాతగారు కట్టించిన ఇల్లు. ముందు గదులు గానుగ సున్నం గోడలు, వెనక వంటిల్లు తర్వాత వేసిన స్లాబు. వంటింట్లో షెల్ఫులు బిగించాలి, తుప్పు పట్టిన కిటికీ ఊచలు కోసి తీయాలి, బాత్రూం టైల్స్ మార్చాలి, కొత్త వైరింగుకి గోడల్లో గాడులు కొట్టాలి. మేస్త్రి దొరకడమే గగనం, దొరికినా సగం పనిలో ఇంకో ఊరు పోతాడు. అందుకే చేతనైనంత నేనే చేద్దామని. ఆన్‌లైన్‌లో డ్రిల్లు, గ్రైండరు, మార్బుల్ కట్టరు మూడూ కలిపి 4,500 లోపు వస్తున్నాయి, పైగా వంద బిట్ల పెట్టె ఫ్రీ. పేరున్న కంపెనీది డ్రిల్లు ఒక్కటే 3,000 చెప్తున్నారు. పనయ్యాక అటకెక్కేవే కదా, చవకవి చాలవా?

బరంపురం బావ
చాలు, కొనెయ్యండి. 2013లో ఫైలిన్ తుఫాను మా రేకులన్నీ ఎత్తుకుపోయాక కొన్న డ్రిల్లు నాది. దాని పేరు ఇప్పటికీ నాకు నోరు తిరగదు. అది మాత్రం తిరుగుతోంది. ఆ ఫ్రీ బిట్లు మాత్రం పెట్టెతో సహా పాత ఇనప సామానుకి వేసెయ్యండి.

రాయగడ వైరింగ్
బావగారి మాట సగమే నిజం. రేకులకీ కాంక్రీటుకీ పోలికేంటి?

పర్లాకిమిడి అన్నా, ముందు గోడ చూసుకోండి, మిషను సంగతి తర్వాత. సున్నం గోడకైనా ఫ్లై యాష్ ఇటుకకైనా 1,500 రూపాయల డ్రిల్లు చాలు. సున్నం గోడ మీద హ్యామర్ మీట (బిట్టు తిరుగుతూనే దెబ్బలు కొట్టేలా చేసేది) ఆపేసి ఉత్త తిప్పుడుతోనే కన్నం వెయ్యండి. హ్యామర్ పెడితే లోపలి సున్నం రాలిపోయి 6 ఎంఎం కన్నం బొటనవేలు పట్టేంత అవుతుంది, ఇక స్క్రూ కోసం కన్నంలో దూర్చే ప్లగ్గు నిలవదు.

తేడా తెలిసేది స్లాబు, లింటల్ (తలుపు, కిటికీల పైన వేసే కాంక్రీటు దిమ్మ) దగ్గర. మామూలు హ్యామర్ డ్రిల్లులో రెండు పళ్ళ చక్రాలు ఒకదాని మీద ఒకటి ఎగిరి పడుతూ చిన్న దెబ్బలు వేస్తాయి. ఆ దెబ్బకి బలం మన భుజం ఇవ్వాలి. రోటరీ హ్యామర్‌లో పిస్టన్ గాలిని నొక్కి, ఆ గాలితో లోపలి సుత్తిని కొట్టిస్తుంది. మనం నిలకడగా పట్టుకుంటే చాలు. అందుకే కాంక్రీటులో పేరున్న హ్యామర్ డ్రిల్లు కంటే, 3,500 పెట్టి కొన్న పేరులేని రోటరీ హ్యామరే బేగి దిగుతుంది. రోటరీ హ్యామర్ బిట్టు వెనక గాడులుంటాయి, మామూలు డ్రిల్లు చక్‌లో (బిట్టు బిగించే మూతిలో) పట్టదు. బిట్లు కొనేటప్పుడు చూసుకోండి.

ఇంకోటి. చవక మిషన్లు ఎక్కువగా చచ్చేది వేడికి. ఫ్యాను మోటారు ఇరుసు మీదే ఉంటుంది కాబట్టి మనం నొక్కేకొద్దీ మోటారుతో పాటు ఫ్యానూ నెమ్మదిస్తుంది, కరెంటు మాత్రం ఎక్కువ లాగుతుంది. సాయంత్రం వోల్టేజి పడిపోయినప్పుడు బలం తగ్గి ఇంకా నొక్కుతాం, అప్పుడూ ఇంతే. ఒళ్ళు కాలుతోందంటే బిట్టు బయటికి తీసి, ఒక నిమిషం ఖాళీగా తిప్పండి. వెంటనే ఆపి పక్కన పెడితే వేడంతా వైండింగులోనే, అంటే మోటారు లోపలి తీగ చుట్టలోనే, ఉండిపోతుంది. పొగ వస్తే మాత్రం ప్లగ్ పీకడమే.

ఛత్రపురం వెల్డింగ్
డ్రిల్లు గురించి మీరంతా మాట్లాడుకోండి, నేను గ్రైండరు దగ్గర ఆగిపోయాను. 4 అంగుళాల గ్రైండరు నిమిషానికి 11,000 చుట్ల వరకు తిరుగుతుంది. బ్లేడు అంచు వేగం లెక్క కడితే గంటకి 200 కిలోమీటర్లు. అది పగిలి ముక్క ఎగిరితే చూసుకోడానికి కూడా టైం ఉండదు.

మిషను చవకదే కొనుక్కోండి, కాదనను. కానీ గార్డు (బ్లేడుకి అడ్డంగా ఉండే రేకు) కదలకుండా నిలబడుతోందా, స్విచ్ కట్టగానే ఆగుతోందా చూడండి. కొన్నిటిలో ఇనప రజను చేరి స్విచ్ అతుక్కుపోతుంది, చేతిలో తిరుగుతూనే ఉంటుంది. కళ్ళద్దాలు తప్పనిసరి. బ్లేడు మాత్రం పేరున్నదే తీసుకోండి. 100 ఎంఎం కటింగ్ బ్లేడు మీద సాధారణంగా 15,200 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) అని రాసి ఉంటుంది, ఏ అంకె ఉన్నా మీ మిషను వేగం కంటే ఎక్కువుండాలి. మధ్యలోని ఇనప రింగు మీద గడువు తేదీ కూడా కొట్టి ఉంటుంది, కొనేవాళ్ళు ఎవరూ చూడరు. అది జిగురుతో కట్టిన బ్లేడు, మామూలుగా 3 ఏళ్ళు. మా సముద్రపు చెమ్మలో దాన్ని గోడకి తగిలించి వదిలేస్తే అంత కూడా నమ్మను.

గార్డు పీకేసి 5 అంగుళాల బ్లేడు పెట్టేవాళ్ళకి, చెక్క కోసే పళ్ళ బ్లేడు గ్రైండరుకి తగిలించేవాళ్ళకి దండం పెట్టి చెప్తున్నాను, మానెయ్యండి. పళ్ళు చెక్కలో పట్టుకున్నాయంటే మిషను మన మీదకే ఎగురుతుంది.

బరంపురం బావ
వెల్డింగ్ అన్న భయపెట్టేశాడు గానీ అన్నీ నిజాలే.

గుణుపురం మాస్టారు
నాదొక సందేహం, చర్చ మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. 2018లో తిత్లీ తుఫానుకి పగిలిన సిమెంటు రేకులు ఇంకా పెరట్లో ఉన్నాయి. గ్రైండరుతో కోసి కోళ్ళ గూటికి వాడదామనుకుంటున్నా. రెండోది, మా దగ్గర కరెంటు పోతూ ఉంటుంది, 88 వోల్టుల బ్యాటరీ డ్రిల్లు 2,000కే వస్తోంది. తీసుకోవచ్చా?

ఛత్రపురం వెల్డింగ్
మాస్టారూ, గ్రైండరుతో వద్దండి. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. గ్రైండరు పెడితే ఆ నార దుమ్మయి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, క్యాన్సర్ తెస్తుంది. కోళ్ళ గూటికి కొత్త ఇనప రేకు కొనండి.

కోరాపుట్ కొండగాలి
ఆ 88 వోల్టులు ఉత్తదే మాస్టారూ. ఆ ధరలో దొరికే ప్యాకు విప్పితే సాధారణంగా 5 సెల్లులు వరసగా కనపడతాయి. ఒక్కోటి 3.6 వోల్టులు, మొత్తం 18. నిండా చార్జయితే 21 దాకా పోతుంది. మంచి కంపెనీలు 20 వోల్టులని అమ్మేదీ ఈ 18నే, కాకపోతే పక్కన చిన్న అక్షరాల్లో నిజం రాస్తాయి. 48, 88 అని వేసేవాళ్ళు అంకె పక్కన ఓ అక్షరం తగిలించి, అడిగితే అది మోడల్ పేరంటారు.

చెక్క స్క్రూలు, కర్టెను రాడ్లు, తలుపు బందుల వరకు హాయిగా పనిచేస్తుంది. స్లాబు జోలికి పోకండి. బ్యాటరీ పోయాక అదే ఆకారంలో ఇంకోటి దొరుకుతుందో లేదో కొనేటప్పుడే చూసుకోండి, లేకపోతే మిషను బాగున్నా మూలన పడుతుంది.

సిరొంచ గోదారిగట్టు
మహారాష్ట్ర వైపు నుంచి నా మాట కూడా వినండి. మాకు జిల్లా కేంద్రం గడ్చిరోలి 200 కిలోమీటర్ల దూరం. ఆరు నెలల వారంటీ కార్డు పట్టుకొని అంత దూరం పోయేదెవరు? మేం ప్రాణహిత దాటి చెన్నూరు, మంచిర్యాల వైపే పోతాం. కాబట్టి బ్రాండు సర్వీసు ఉందనే మాట మా దగ్గర చెల్లదు. చెల్లేది ఒక్కటే: మోటారు వైండింగు చేసే మనిషి ఊళ్ళో ఉన్నాడా? ఆయన దగ్గరికి పోయి, ఏ మిషనుకి ఆర్మేచర్ (మోటారులో తిరిగే భాగం) దొరుకుతుంది, ఏది చూడగానే మీరు వద్దంటారు అని అడగండి. రివ్యూలు చదివే బదులు ఈ పని చేస్తే సగం టెన్షన్ పోతుంది. మా దగ్గరి ఆయనైతే అల్యూమినియం తీగ చుట్టిన మోటారు ముట్టుకోడు.

పర్లాకిమిడి పెంకుటిల్లు
చాలా థ్యాంక్సండీ. మహేంద్రతనయ దాటితే పాతపట్నమే, అక్కడి వైండింగు షాపులో అడుగుతాను. డ్రిల్లు చవకదే కొంటా, బిట్లు విడిగా మంచివి. స్లాబు కన్నాలకి రోటరీ హ్యామర్ కిరాయికి చూస్తా. రోజుకి 300 అన్నారు, పాత టైల్స్ కూడా దాంతోనే లేపేస్తా. గ్రైండరు మాత్రం పేరున్నదే, వెల్డింగ్ అన్న మాట విన్నాక చవకది చేతిలో పెట్టుకోలేను. మిగిలింది మార్బుల్ కట్టరు. టైల్స్ కోయడం ఒక్క బాత్రూంకే.

రాయగడ వైరింగ్
మార్బుల్ కట్టరు చవకది చాలు, డైమండ్ బ్లేడు బాగుండాలి. నీళ్ళు పోసి కోస్తేనే దుమ్ము తగ్గుతుంది, మాస్కు ఎలాగూ పెట్టండి. కానీ నీళ్ళూ కరెంటూ ఒకేచోట, అదీ పాత వైరింగు ఇంట్లో. అందుకని మీ పనుల వరస తిరగెయ్యండి: ముందు వైరింగు, 30 మిల్లీ ఆంప్‌ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే కట్ చేసే స్విచ్), ఎర్తింగు. టైల్స్ ఆ తర్వాతే. మిషను మీద చతురస్రంలో చతురస్రం గుర్తుంటే డబుల్ ఇన్సులేషన్ అన్నమాట, దానికి ఎర్తు పిన్ను అక్కర్లేదు, రెండు పిన్నుల ప్లగ్ చూసి కంగారు పడకండి. అయినా లోపలికి నీళ్ళు పోతే ఆ గుర్తు కాపాడదు.

గాడులకి కూడా అదే కట్టరు. రెండు గీతలు కోసి మధ్యది ఉలితో లేపెయ్యండి. సున్నం గోడలో లోతుకి పోవద్దు.

బరంపురం బావ
డ్రిల్లు కొన్న రోజే కార్బన్ బ్రష్‌లు (మోటారుకి కరెంటు అందించే, అరిగిపోయే ముక్కలు) ఇంకో జత తీసి పెట్టుకోండి. నలభై యాభై రూపాయల సామాను. తర్వాత ఆ సైజు కోసం బజారంతా తిరగాలి.