కొండ పొద పిగిలి: అది ‘పొద’నా, ‘పొడ’నా?

బాటసారి
మూడు రోజులుగా ఒక మాట వదలడం లేదు. పసుపు గొంతు పికిలిపిట్టకి (బుల్బుల్) పాతకాలపు ఇంగ్లిష్ డాక్టరు, పక్షి శాస్త్రవేత్త జెర్డాన్ తన పక్షుల పుస్తకంలో తెలుగు పేరు కూడా ఇచ్చాడు, కానీ ఇంగ్లిష్ అక్షరాల్లో. ‘కొండ పొద పిగిలి’ అని చదువుకున్నట్టు గుర్తు. ఆ లిపిలో ద, డ రెండిటికీ ఒకటే అక్షరం కదా. మరి పొదా, పొడా?

పోయిన ఆదివారం హార్సిలీ హిల్స్‌లో ఆ పిట్టని చూశాను, అందుకే అడుగుతున్నా. బండ నెర్రెలో మొలిచిన జువ్వి చెట్టు మీద వాలింది. తల మీద జుట్టు లేదు. బూడిద రంగు పొట్ట, గొంతంతా పసుపు రాసినట్టు, తోక కింద మళ్లీ పసుపు. ఒక పండు తుంచుకుని బండ వెనక్కి దిగిపోయింది, అంతే.

తెలుగు మాస్టారు
సందేహం ఎందుకు? పొడ. పొడ అంటే మచ్చ. పొడదుప్పి వినలేదా? గొంతు మీద పసుపు పొడ ఉంది కాబట్టి పొడ పిగిలి. లాటిన్ పేరు చూసినా అదే, క్సాంథోలీమస్ అంటే పసుపు గొంతుది.

నెల్లూరోడు
మాస్టారూ, మీ మీద గౌరవంతోనే అంటున్నా, కుదరదు. అదే పుస్తకంలో తెల్ల కనుబొమ్మల పికిలికి ఉత్త ‘పొద పిగిలి’ అని ఉంది. దాని ఒంటి మీద మచ్చ ఏదండీ? ఎప్పుడు చూసినా చిట్టడవిలో పొదల్లోనే దూరి అరుస్తుంటుంది. కాబట్టి పొదే. ఊళ్లో తిరిగేది పిగిలి, పొదల్లోది పొద పిగిలి, కొండ మీద పొదల్లో ఉండేది కొండ పొద పిగిలి. ఇంతకన్నా మంచి వర్గీకరణ ఎవరు చేశారు? శాస్త్రవేత్తలు ఈ మూడింటినీ పిక్నోనోటస్ అనే ఒకే ప్రజాతిలో పెట్టారు. మనవాళ్లు పిగిలి అన్న ఒక్క మాటతో ఆ పని చేశారు.

జెర్డాన్ మా నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసినవాడు. 1845లో ఈ పిట్టకి శాస్త్రీయ నామం పెట్టిందీ ఆయనే. పేరు చెప్పింది మా వైపు జనమే అయ్యుండాలి.

అడవిమల్లి
పొదకే నా ఓటు. కలివికోడిని చూడండి, కలివి పొదల్లో తిరుగుతుంది కాబట్టి కలివికోడి. అంతరించిందనుకున్న ఆ పిట్ట 1986లో కడప జిల్లాలో మళ్లీ కనిపించినప్పుడు ఆ పేరే దేశమంతా తెలిసింది.

పాత నిఘంటువు
ఇద్దరూ మూడో అర్థం మరిచారు. పొడ అంటే కనపడటం కూడా. ‘వాడి పొడ గిట్టదు’ అంటామే! ఈ పిట్ట గొంతు వినిపిస్తుంది గానీ పొడ చూపదు.

నెల్లూరోడు
అర్థం బాగుంది కానీ అలా అయితే ‘పొడ చూపని పిగిలి’ అవ్వాలి కదండీ.

పాత నిఘంటువు
సరే, అసలు పిగిలి ఏమిటి? మా గోదావరి వైపు పికిలి. గసడదవాదేశం వల్ల క కాస్తా గ అయింది.

తెలుగు మాస్టారు
అది రెండు పదాల మధ్య జరిగే సంధి. పదం లోపలికి దాన్ని తేవద్దు. పిగులు అనే క్రియ ఉంది, పొట్ట పిగిలింది అంటాం. మామూలు పికిలికి తోక కింద ఎర్రగా పిగిలినట్టు ఉంటుంది, అందుకే ఆ పేరు. ముప్పై ఏళ్లుగా ఇదే నా అభిప్రాయం.

అడవిమల్లి
మరి కొండ పిగిలికి అక్కడ పసుపు కదా మాస్టారూ?

తెలుగు మాస్టారు
ముందు ఊరి పిట్టకి పేరు పడింది, తర్వాత దాని చుట్టాలకి పాకింది. ఆ ఊరి పిట్టకే, జీవులకి లాటిన్ పేర్లు పెట్టిన శాస్త్రవేత్త లిన్నేయస్ 1766లో కాఫర్, అంటే దక్షిణాఫ్రికాది, అని పెట్టాడు, అక్కడిది అనుకుని! అది అక్కడి పిట్టే కాదు. నియమం ప్రకారం ఆ పేరు ఇప్పటికీ మార్చలేదు. మన పేరు నయం.

బాటసారి
పోతన గుర్తొస్తున్నాడు. ‘లలిత రసాల పల్లవ ఖాదియై చొక్కు కోయిల సేరునే కుటజములకు’. మామిడి చిగురు తిన్న కోయిల కొడిసె చెట్టుకి పోదంటాడు. ఈ పిట్టా అంతే. బండలు, వాటి మధ్య పొదలు, అవి ఉంటేనే ఉంటుంది.

తెలుగు మాస్టారు
ఆహా! ఆ పద్యంలో ‘చొక్కు’ చూడండి. తిని ఊరుకోలేదు, పరవశించింది. అక్కడ ఇంకో మాట పెట్టి చదవండి, పాదం చచ్చిపోతుంది. నేను క్లాసులో ఈ ఒక్క మాట మీదే గంట చెప్పేవాణ్ణి.

నెల్లూరోడు
కుటజం కొడిసేనా, కొండమల్లెనా అన్నది వేరే గొడవ. అది తర్వాత తేలుద్దాం.

అడవిమల్లి
బాటసారి గారి మాట దగ్గరే ఆగుదాం. ఇది దక్షిణ భారతంలో తప్ప ఇంకెక్కడా లేని పిట్ట. ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో వల్నరబుల్, అంటే అంతరించే ముప్పున్నది, అని ఉంది. ఉండే చోట్లు ఒకదానికొకటి దూరంగా విడిపోయాయి: నంది కొండలు, శేషాచలం, నల్లమల. ఒక గుట్ట పోతే పక్క గుట్టకి ఎగిరిపోతుందిలే అనుకోవడానికి లేదు. గ్రానైట్ కోసం తవ్వేది సరిగ్గా దీనికి కావలసిన బండల్నే. మా అమ్మమ్మ ఊరి గుట్ట సగం పోయింది. చిన్నప్పుడు చింతకాయలకి ఎక్కిన వైపు ఇప్పుడు నిలువుగా కోసిన గోడ, అడుగున పచ్చటి నీళ్లు.

పాత నిఘంటువు
చదువుతుంటే బాధగా ఉందమ్మా. అయినా పొడ అంటే కనపడటమే అని నా మాట.

బాటసారి
ఒకటి చెప్పడం మరిచాను. ఆ రోజు దిగువన మేకల కాపరిని అడిగాను, ఈ పిట్టనేమంటారని. ‘పిగిలే సార్’ అన్నాడు. కొండ పిగిలి అనరా అంటే, ‘కొండ మీదుండి మళ్లా కొండనేదేంది?’ అన్నాడు. పొదా, పొడా అని అడగడం మాత్రం తోచలేదు. మళ్లీ వెళ్తే ముందు అదే అడుగుతాను.

నెల్లూరోడు
అడగండి, కానీ మీరు ముందు ఆ మాట అనొద్దు. ఆయన నోటి నుంచే రానివ్వండి.