అక్రిలిక్ డిస్ట్రో ప్లేట్‌లో పోర్టుల చుట్టూ చీలికలు: ఎందుకొస్తాయి, ఎలా ఆపాలి, లీకు ఎలా పరీక్షించాలి

ప్రశ్న (విశాఖపట్నం ఎంవీపీ కాలనీ నుంచి)

అందరికీ నమస్కారం. సొంతంగా వాటర్ కూలింగ్ పీసీ కేసు కడుతున్నాను. ఫ్రేముకి 20×20 అల్యూమినియం ప్రొఫైల్, చుట్టూ 5 మి.మీ. అక్రిలిక్ పలకలు, ముందువైపు 380×140 మి.మీ. డిస్ట్రో ప్లేట్ (లోపలి కాలువల్లోంచి నీళ్లను అన్ని భాగాలకూ పంచే పలక). రిజర్వాయర్ (నీటి తొట్టి), డీ5 పంపు రెండూ ఆ ప్లేట్‌లోనే. ప్లేట్ మూడు పొరలు: వెనక 6 మి.మీ., మధ్యలో కాలువలు కోసిన 10 మి.మీ., ముందు 10 మి.మీ. సైన్‌బోర్డులు చేసే చోట లేజర్ కటింగ్ చేయించి, పోర్టులకు (గొట్టాల ఫిట్టింగ్‌లు బిగించే రంధ్రాలకు) పావు అంగుళం ట్యాప్ (మర దారం కోసే పనిముట్టు) వేశాను. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవగానే దాదాపు ప్రతి రంధ్రం చుట్టూ వెంట్రుకల్లాంటి గీతలు తేలాయి.

ఇవి ఎందుకొచ్చాయి? ఈ పలకను వాడొచ్చా? ఓ-రింగ్ (నీరు కారకుండా ఆపే రబ్బరు వలయం) గాడి ఎంత లోతు ఉండాలి? మదర్‌బోర్డు మీద నీళ్లు పడకముందే లీకు తెలుసుకునే దారేమిటి? ప్రాసెసర్ 125 వాట్లు, గ్రాఫిక్స్ కార్డు దాదాపు 275 వాట్లు. రేడియేటర్లు ఒక 360 మి.మీ., ఒక 240 మి.మీ.

జవాబు (గాజువాక నుంచి)

ఆల్కహాల్ ఆ చీలికలను పుట్టించలేదండి, లోపల ఉన్న బిగువును బయటపెట్టింది. లేజర్ అంచును కరిగించి కోస్తుంది. కరిగిన పొర చల్లారేటప్పుడు కుంచించుకుపోవాలని చూస్తుంది, పక్కనున్న చల్లటి పలక దాన్ని కదలనివ్వదు. ఆ లాగుడు అంచులోనే ఉండిపోతుంది. ఆల్కహాల్, థిన్నర్, అసిటోన్, అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్, ఏది తగిలినా ఆ చోట పదార్థం విచ్చుకుంటుంది. అంచు మెరవడానికి మంట చూపించినా ఇదే జరుగుతుంది. గీతలు మర దారాన్ని గానీ ఓ-రింగ్ కూర్చునే చోటును గానీ దాటి ఉంటే ఆ ముందు పలకను పక్కన పెట్టేయండి. సూపర్ గ్లూతో పూడిస్తే నిలవదు. వెనక, మధ్య పలకల్లో గీతలు లేకపోతే వాటిని వాడుకోవచ్చు, కానీ అతికించేముందు అనీలింగ్ (వేడిచేసి మెల్లగా చల్లార్చి బిగువు తీసేయడం) తప్పనిసరి.

మీ ట్యాప్‌ను కూడా ఒకసారి చూడండి. పైపుల సామాన్ల షాపులో పావు అంగుళం ట్యాప్ అడిగితే తరచూ చేతికొచ్చేది టేపర్ ట్యాప్, అంటే కొస సన్నగా ఉండి పైకి లావయ్యేది. అది లోపలికి దిగేకొద్దీ రంధ్రాన్ని వెడల్పు చేస్తుంది. ఇనుము తట్టుకుంటుంది, అక్రిలిక్ పగులుతుంది. మనకు కావలసింది జీ 1/4, అంటే సమాంతర దారం: బయటి వ్యాసం 13.16 మి.మీ., అంగుళానికి 19 చుట్లు. ఎన్‌పీటీ (అమెరికా పైపుల దారం) అని రాసి ఉంటే అసలు కొనకండి. దానికి 18 చుట్లు, పైగా అదీ టేపరే. అందులో మన ఫిట్టింగ్ ఒకటి రెండు చుట్లు తిరిగి బిగుసుకుంటుంది, ఇంకాస్త తిప్పితే ప్లేట్ పోతుంది.

రంధ్రం 11.8 మి.మీ. ఉండాలి. లేజర్‌తో నేరుగా ఆ కొలతకు కోయించకండి. 10.5కి కోయించి, మిగతాది డ్రిల్ ప్రెస్‌లో 11.8 బిట్‌తో తీస్తే కరిగి బిగుసుకున్న పొర పూర్తిగా పోతుంది. ఇనుముకు వాడే పదునైన బిట్ అక్రిలిక్‌ను పట్టుకుని ఒక్కసారిగా లాగేస్తుంది. బిట్ పెదవిని సాన మీద కొద్దిగా చదును చేస్తే గోకుతూ కోస్తుంది. వేగం 500 ఆర్‌పీఎం దాటనివ్వకండి. కింద చెక్క బిగించండి, సబ్బు నీళ్లు పోస్తూ ఉండండి. కటింగ్ ఆయిల్, కిరోసిన్ దగ్గరికి రానివ్వొద్దు. ట్యాప్‌ను అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి తిప్పాలి. రంధ్రం నోటి దగ్గర చిన్న వాలు తీస్తే మొదటి చుట్టు పెచ్చులూడదు. కానీ ఆ వాలు 14 మి.మీ. వ్యాసం దాటకూడదు. దాటితే ఫిట్టింగ్ ఓ-రింగ్ అందులోకి జారి, ఎంత బిగించినా చెమ్మ కడుతుంది.

ఇక పలక కాస్ట్‌దేనా (అచ్చులో పోసి చేసినదేనా)? ఎక్స్‌ట్రూడెడ్ (యంత్రంలోంచి నెట్టి సాగదీసినది) అయితే పైన చెప్పినవన్నీ చేసినా పూర్తి ఫలితం రాదు. తెలుసుకోవడం తేలిక: మిగిలిన ముక్క మీద లేజర్‌తో చిన్న అక్షరం చెక్కించండి. కాస్ట్‌లో మంచులా తెల్లగా వస్తుంది, ఎక్స్‌ట్రూడెడ్‌లో పారదర్శకంగానే ఉండిపోతుంది. రంపం కింద కాస్ట్ పొడి రాలుతుంది, రెండోది కరిగి తీగలు సాగుతుంది.

అనీలింగ్ అన్ని కోతలూ, రంధ్రాలూ, దారాలూ అయిపోయాకే. కాగితం, ఫిల్మ్ పీకేసి, చదునైన గాజు మీద గుడ్డ పరిచి పలకను ఉంచండి. 80 డిగ్రీల దగ్గర 10 మి.మీ. పలకకు 4 గంటలు. తర్వాత ఓవెన్ తలుపు తెరవకుండా లోపలే చల్లారనివ్వాలి. త్వరపడి బయటకు తీస్తే కొత్త బిగువు చేరుతుంది, చేసిన పనంతా వృథా. ఇంట్లో ఓటీజీ మీద రాసిన అంకెను నమ్మకండి, లోపల విడిగా ఓవెన్ థర్మామీటర్ పెట్టండి. 90 దాటితే పలక వంగడం మొదలవుతుంది. 380 మి.మీ. పలక ఓటీజీలో పట్టకపోతే ఆటోనగర్‌లో పౌడర్ కోటింగ్ చేసేవాళ్లను అడగండి. వాళ్ల ఓవెన్ మామూలుగా 180 పైన నడుస్తుంది కాబట్టి 80కి నిలపగలదో లేదో పనికిరాని ముక్క పెట్టి చూసుకోవాలి.

బిగువు పోయిందో లేదో కంటితో చూడొచ్చు. ఎల్‌సీడీ మానిటర్ మీద తెల్ల తెర పెట్టి, పోలరైజ్డ్ కళ్లద్దాలు తిప్పుతూ తెర నల్లబడేచోట ఆపండి. మధ్యలో పలక పట్టండి. రంధ్రాల చుట్టూ తెల్లటి వెలుగు కనిపిస్తే బిగువు ఇంకా ఉన్నట్టు. అక్రిలిక్‌లో ఈ వెలుగు పలచగానే ఉంటుంది, గదిలో లైట్లు ఆర్పి చూడండి.

జవాబు (అక్కయ్యపాలెం నుంచి)

గాడి సంగతి నేను చెబుతాను. 3 మి.మీ. నైట్రైల్ కార్డ్ (ఓ-రింగ్‌గా వాడే గుండ్రటి రబ్బరు తాడు) అయితే లోతు 2.3, వెడల్పు 3.6 మి.మీ. 2 మి.మీ. కార్డ్ అయితే లోతు 1.5, వెడల్పు 2.5. కార్డ్ ఎత్తులో దాదాపు పావు వంతు నొక్కుకోవాలి. రబ్బరు నొక్కితే సైజు తగ్గదు, పక్కకు జరుగుతుంది. అందుకే గాడిలో ఆరో వంతు ఖాళీ వదలాలి. గాడి ఇరుకైతే రబ్బరుకు చోటు లేక పలకనే పైకి ఎత్తుతుంది, స్క్రూల దగ్గర పగులు వస్తుంది.

గాడిని సన్నటి పొరగా లేజర్‌తో కోసి పేర్చుదామనే ఆలోచన చాలామందికి వస్తుంది. వద్దు. కాస్ట్ పలక మందం రాసినంత ఉండదు. ప్రమాణాల ప్రకారమే 10 మి.మీ. పలకకు 1.4 మి.మీ. వరకు అటూ ఇటూ ఒప్పుకుంటారు. 1.5 మి.మీ. పలకలో తేడా అర మిల్లీమీటరు దాకా ఉండొచ్చు, మన లెక్కంతా అందులోనే కొట్టుకుపోతుంది. గాడిని రూటర్‌తోనో (గాడులు తీసే చేతి యంత్రం) సీఎన్‌సీతోనో (కంప్యూటర్ నడిపే కోత యంత్రం) పలక పైముఖం నుంచి కొలిచి తీయాలి. మూలల్లో వంపు కనీసం 9 మి.మీ. వ్యాసార్థం ఉండాలి. కార్డ్ రెండు కొసలను ఏటవాలుగా కోసి సూపర్ గ్లూతో అతికించండి, ఆ అతుకు మూలలో కాకుండా తిన్నగా ఉన్న చోట రావాలి. సిలికాన్ కార్డ్‌కు సూపర్ గ్లూ పట్టదు. నైట్రైల్ కార్డ్ ఆటోనగర్‌లో హైడ్రాలిక్ సీళ్లు అమ్మేచోట మీటర్ల లెక్కన అడగొచ్చు.

స్క్రూలు ఎం4 (4 మి.మీ.), గాడికి బయటివైపు, 25 నుంచి 30 మి.మీ.కి ఒకటి. గాడి అంచుకీ స్క్రూ రంధ్రానికీ మధ్య 3 మి.మీ. తగ్గకూడదు. రంధ్రం 4.5 మి.మీ. తీసి, వెనక నట్టు, రెండువైపులా నైలాన్ వాషర్ వేయడం అన్నిటికంటే భద్రం. శంఖాకారపు తల ఉన్న స్క్రూలు వాడకండి, అవి రంధ్రాన్ని చీల్చుతాయి. 3డీ ప్రింట్లలో వేడిచేసి దించే ఇత్తడి ఇన్సర్ట్‌లు కూడా అక్రిలిక్‌కు పనికిరావు, మళ్లీ అదే బిగువు వస్తుంది. స్టెయిన్‌లెస్‌లో 316 రకం దొరికితే అదే తీసుకోండి. బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో ఉప్పు గాలికి 304 మీద కూడా గోధుమరంగు మరకలు పడతాయి, రేడియేటర్‌తో వచ్చే నల్ల స్క్రూలు ఇంకా ముందే తుప్పు పడతాయి.

ముందు పలక 10 మి.మీ. పెట్టడం మంచి పని. రిజర్వాయర్ లోపలి కొలత 300×70 అనుకుంటే, లీకు పరీక్షలో 250 మి.మీ. పాదరసం ఒత్తిడి దగ్గర ఆ ముఖం మీద దాదాపు 70 కిలోల తోపు పడుతుంది. మందం సగం చేస్తే వంపు 8 రెట్లవుతుంది. ఖర్చు తగ్గించుకోవాలంటే వెనక పలక దగ్గర కాదు, ముందు పలక దగ్గర అస్సలు కాదు, బయటి డిజైన్ దగ్గర తగ్గించుకోండి.

నన్నడిగితే మూడు పొరలు మానేసి, 20 మి.మీ. కాస్ట్ పలకలో కాలువలను 10 మి.మీ. లోతు మిల్లింగ్ చేయించి, మీద 10 మి.మీ. మూత పెట్టించండి. ఆటోనగర్‌లో సీఎన్‌సీ మిల్లింగ్ చేసే వర్క్‌షాపులున్నాయి. అతుకులే ఉండవు కాబట్టి లీకయ్యే చోట్లు సగం తగ్గుతాయి.

ప్రశ్న (ఎంవీపీ కాలనీ)

థాంక్యూ సార్. మిల్లింగ్ ధర కనుక్కుంటాను. ఒకవేళ మూడు పొరలే చేయాల్సి వస్తే క్లోరోఫాం అతుకు తెల్లగా పొగబారినట్టు వస్తోంది. ఫిట్టింగ్‌లకు టెఫ్లాన్ టేపు చుట్టొచ్చా?

జవాబు (గాజువాక)

టేపు వద్దు. జీ 1/4 ఫిట్టింగ్ దారంతో సీలవ్వదు, మెడ దగ్గరున్న ఓ-రింగ్‌తో సీలవుతుంది. టేపు దారాన్ని లావు చేసి పోర్టును చీలుస్తుంది. చేత్తో ఆగేదాకా తిప్పండి, అంతే.

తెల్లదనం తేమ వల్ల. క్లోరోఫాం, డైక్లోరోమీథేన్ రెండూ వేగంగా ఆవిరవుతూ పలకను చల్లబరుస్తాయి, మన ఊరి గాలిలోని తేమ దాని మీద వాలుతుంది. వాన పడుతున్న రోజు, తెల్లవారుజామున ఈ పని పెట్టుకోకండి. ఎండ బాగా కాసిన మధ్యాహ్నం, కిటికీలు తెరిచి చేయండి. ఆ ఆవిరి పీల్చితే ప్రమాదం, మూసిన ఏసీ గదిలో అస్సలు చేయకూడదు. పలుచటి నైట్రైల్ గ్లవ్స్ డైక్లోరోమీథేన్‌ను ఎక్కువసేపు ఆపలేవు, తడిస్తే వెంటనే మార్చండి. అతికిన తర్వాత ఆ ఆవిరి గాలికంటే బరువు కాబట్టి కాలువల్లో తిష్ఠ వేసి లోపలినుంచి చీలికలు తెస్తుంది. ప్లేట్‌ను వాల్చి, పోర్టుల్లోంచి మెల్లగా గాలి ఊదండి. రెండు రోజుల దాకా ఒత్తిడి, నీళ్లు రెండూ పెట్టకండి.

జవాబు (మధురవాడ నుంచి)

లీకు పరీక్షకు బీపీ చూసే మీటరు చాలు. కేజీహెచ్ ఆసుపత్రి చుట్టుపక్కల సర్జికల్ షాపుల్లో గడియారం లాంటి డయల్ ఉన్న మీటరు, బల్బు విడిగా అడగండి. మీటరు గొట్టాన్ని సాఫ్ట్ ట్యూబ్ బార్బ్ ఫిట్టింగ్‌కు (మెత్తటి గొట్టం తొడిగే ముక్కకు) క్లిప్పుతో బిగించి ఏదైనా ఒక పోర్టులో పెట్టండి. మిగతా పోర్టులన్నీ మూసేయండి. ముందు గొట్టం కొస మడిచి మీటరునే పరీక్షించండి, బల్బు వాల్వే కారుతూ ఉండే అవకాశం ఉంది. తర్వాత లూపు (నీళ్లు తిరిగే దారి) మొత్తానికి 250 దాకా ఎక్కించి అరగంట వదిలేయండి. ముల్లు కదలకూడదు. 300 దాటించొద్దు, కంప్రెసర్ దగ్గరికి వెళ్లొద్దు. ఏసీ వేసి ఉంటే ఆపేయండి: లోపలి గాలి ఒక డిగ్రీ చల్లబడితే ముల్లు 3 మి.మీ. పైగా దిగుతుంది, అది లీకు కాదు. నిజంగా దిగుతుంటే సబ్బు నీళ్లు బ్రష్‌తో పూసి బుడగ ఎక్కడ లేస్తుందో చూసి, తర్వాత శుభ్రంగా కడిగేయండి.

గాలి పరీక్ష నెగ్గాకే నీళ్లు. మదర్‌బోర్డు, గ్రాఫిక్స్ కార్డులకు కరెంటు వైర్లు పీకేసి పంపుకు మాత్రమే ఇవ్వండి. సప్లై ఆపి ఉండగానే 24 పిన్ కనెక్టర్‌లో పీఎస్-ఆన్ పిన్‌ను, అంటే 16వ పిన్‌ను, పక్కనున్న గ్రౌండ్ పిన్‌తో కలిపి, ఆ తర్వాత ఆన్ చేయండి. పాత సప్లైల్లో ఇది ఆకుపచ్చ తీగ, కొత్తవాటిలో అన్నీ నలుపే కాబట్టి పిన్ నంబరు చూసుకోవాలి. రిజర్వాయర్ ఖాళీ అయ్యేలోపే ఆపి మళ్లీ నింపండి, డీ5 పొడిగా తిరిగితే బేరింగ్ పోతుంది. ప్రతి ఫిట్టింగ్ కింద టిష్యూ పెట్టి ఒక రోజంతా తిరగనివ్వండి.

ట్యూబు విషయంలో సైన్‌బోర్డు షాపుల గొట్టం తీసుకోకండి, వ్యాసంలో చిన్న తేడా ఉన్నా ఫిట్టింగ్ ఓ-రింగ్ పట్టదు. కంప్యూటర్ కూలింగ్‌కే చేసిన 14 మి.మీ. గొట్టం తీసుకుని, కోసిన కొసకు వాలు తీయండి, లేకపోతే పదును అంచు లోపలి ఓ-రింగ్‌ను కోసేస్తుంది. అక్రిలిక్ 150–160 డిగ్రీల దగ్గర వంగుతుంది, లోపల సిలికాన్ తాడు తప్పనిసరి.

కుళాయి నీళ్లు, ఆర్‌వో నీళ్లు రెండూ వద్దు. డిస్టిల్డ్ వాటర్, అందులో పీసీ కూలింగ్ కోసం అమ్మే తుప్పు నిరోధకం, నాచు పట్టకుండా బయోసైడ్. ఆల్కహాల్ కలిసిన ద్రవమేదైనా మళ్లీ చీలికలే. రాగి బ్లాకులు (చిప్‌ల మీద కూర్చుని వేడి లాగే భాగాలు) ఉన్న లూపులో అల్యూమినియం రేడియేటర్ కలపకండి, అల్యూమినియం తినేసుకుపోతుంది.

ప్రశ్న (ఎంవీపీ కాలనీ)

చివరగా రెండు. నీళ్లు ముందు ప్రాసెసర్‌కి వెళ్లాలా, గ్రాఫిక్స్ కార్డుకా? ఏసీ గదిలో పెడితే చెమ్మ పడుతుందా?

జవాబు (మధురవాడ)

ఎటు పంపినా ఒకటే. నిమిషానికి 4 లీటర్లు పారుతుంటే మీ 400 వాట్లు నీటిని మొత్తం చుట్టులో ఒకటిన్నర డిగ్రీలే పెంచుతాయి. గొట్టాలు ఎటు తేలిగ్గా పోతాయో అటు పంపండి. పంపుకు మాత్రం రిజర్వాయర్ అడుగునుంచి నేరుగా నీరందాలి.

గాలితో చల్లార్చే రేడియేటర్ నీటిని గది ఉష్ణోగ్రత కిందకు దించలేదు కాబట్టి నడుస్తున్నప్పుడు చెమ్మ రాదు. ఐసు, చిల్లర్ లాంటివి మాత్రం మన ఊళ్లో వద్దు: 30 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్న గాలి 26 దగ్గరే నీరు కడుతుంది. రాత్రంతా 24లో ఏసీ నడిచి, పొద్దున్నే పీసీ ఆపి ఉండగా బాల్కనీ తలుపు తెరిస్తే రేడియేటర్ మీద, బ్లాకుల మీద పలచగా చెమ్మ కట్టొచ్చు. అలాంటప్పుడు వెంటనే ఆన్ చేయకుండా అరగంట ఆగండి.

జవాబు (అక్కయ్యపాలెం)

బయటి పలకల గురించి ఒక్క మాట. అర మీటరు అక్రిలిక్ 20 డిగ్రీల తేడాకు 0.7 మి.మీ. సాగుతుంది. ప్రొఫైల్‌కు బిగించే ఎం4 స్క్రూలకు రంధ్రం 5 మి.మీ. తీయించండి. రేడియేటర్లను, పంపును పలకలకు వేలాడదీయకండి, ఫ్రేముకే బిగించండి. నీటి ఉష్ణోగ్రత సెన్సర్ ఒకటి లూపులో పెట్టి, 55 దాటితే పీసీ ఆగిపోయేలా అమర్చుకోండి. డీ5 పంపుకు గరిష్ఠం 60.