మోకాళ్లు మొరాయించే వయసులో కొండదారులు, పాత స్నేహాలు

ప్రశ్న

మేము అయిదుగురం. చదువుకునే రోజుల్లో మొదలుపెట్టి ముప్ఫై ఏళ్లకు పైగా, ఏడాదికి ఒకసారి వీపున సంచులు తగిలించుకుని ఏదో ఒక కొండదారి పడుతూ వచ్చాము. ఇప్పుడు అందరికీ యాభై అయిదు దగ్గర పడింది. ఒక మిత్రుడికి రెండేళ్ల క్రితం గుండెలో స్టెంట్ వేశారు. దిగుడు దారిలో నా మోకాళ్లు సహకరించడం లేదు. మరొక మిత్రుడు మాత్రం ఇప్పటికీ అందరికంటే గంట ముందే బసకు చేరి, మేము వచ్చేసరికి ముఖం ముడుచుకుని కూర్చుని ఉంటాడు. క్రిందటి యాత్ర చివరి రోజున ఆ విసుగు మాటల దాకా వచ్చింది. ఈ ఏడాది తేదీల ప్రస్తావన ఎవరూ తేలేదు. కొండలు మానేసి, ఎక్కడైనా గదులు తీసుకుని రెండు రోజులు హాయిగా గడిపితే చాలదా అని ఒకరు అంటున్నారు. అలా ఊరికే కూర్చుంటే మా మధ్య మాట్లాడుకోవడానికి ఏమైనా మిగులుతుందా అన్నది నా సందేహం. ఈ దశ దాటినవారు చెప్పగలరా?

జవాబు 1

మీ సందేహం నిరాధారమైనది కాదు. దూరమైన తర్వాత స్త్రీల స్నేహాలను ఎక్కువగా మాటలు నిలబెడితే, పురుషుల స్నేహాలను కలిసి చేసే పనులు నిలబెడతాయని, స్నేహసంబంధాలపై చాలాకాలం పరిశోధించిన రాబిన్ డన్‌బార్ చెబుతారు. ఎదురెదురుగా కూర్చోబెడితే నోరు మెదపని మనిషి, పక్కన నడుస్తూ, చూపు దారి మీద నిలిపి, ఇంట్లో కూడా చెప్పని సంగతిని తేలికగా చెప్పేయడం నేను ఎన్నోసార్లు చూశాను. అయితే అందుకు ఎత్తయిన శిఖరమే కావాలని లేదు. 1934లో తోటి పర్వతారోహకుడు ఎరిక్ షిప్టన్‌తో కలిసి, హిమాలయాల్లోని నందాదేవి శిఖరం చుట్టూ ఉన్న పర్వతవలయం లోపలికి దారి కనుగొన్న బ్రిటిష్ పర్వతారోహకుడు టిల్‌మన్, 1950లో తనకు యాభై రెండేళ్లప్పుడు, పెద్ద శిఖరాలకు ఇక తన శరీరం పనికిరాదని గ్రహించాడు. అంతటితో ఇంట్లో కూర్చోలేదు. కొద్ది ఏళ్లకే ఒక పాత తెరచాప పడవ కొని, మనుషులు అరుదుగా చేరే తీరాలకు ఏళ్ల తరబడి ప్రయాణించాడు. మీరూ సాహసాన్ని వదలనవసరం లేదు, దాని రూపం మార్చుకుంటే సరిపోతుంది.

జవాబు 2

పై సమాధానం బాగానే ఉంది కానీ, మీ గొడవ స్నేహానిది కాదు, నడక వేగానిది అని నా అభిప్రాయం. గుండె నిమిషానికి గరిష్ఠంగా ఎన్నిసార్లు కొట్టుకోగలదో స్థూలంగా 220 నుంచి వయసు తీసివేసి అంచనా వేస్తారు. ఇరవై అయిదులో 195 దాకా వెళ్లినది యాభై అయిదులో 165 దగ్గర ఆగుతుంది. స్టెంట్ వేయించుకున్నవారిలో చాలామంది గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మందులు కూడా వాడుతుంటారు. అటువంటి వ్యక్తి ఎగుడు దారిలో వెనకబడితే అది బద్ధకం కాదు, మందు తన పని తాను చేస్తున్నదని అర్థం. ఆ సంగతి మీ వేగవంతుడైన మిత్రుడికి తెలుసా?

మా బృందంలో అందరికంటే నిదానంగా నడిచేవారే ముందు నడుస్తారు, బలవంతుడు అందరికంటే వెనుక, అందరికంటే బరువైన సంచితో వస్తాడు. ఈ ఒక్క మార్పు తర్వాత ఎవరూ ఎవరికోసమూ ఎదురుచూడవలసిన అవసరం రాలేదు. మోకాళ్లకు ఎక్కడం కంటే దిగడమే కష్టం కాబట్టి రెండు చేతికర్రలు తప్పనిసరిగా వాడండి. 3,000 మీటర్లు దాటిన తర్వాత, రాత్రి నిద్రించే చోటి ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు, మూడు నాలుగు రోజులకు ఒకసారి పూర్తి విశ్రాంతి తీసుకోవాలి. ఈ నియమం ఇరవై ఏళ్లవాడికీ వర్తిస్తుంది. శరీర దారుఢ్యం ఎత్తు వల్ల వచ్చే జబ్బును ఆపలేదు.

జవాబు 3

నడుస్తూ ఉంటే మగవాళ్లు మనసు విప్పుతారన్న మాటను నేను పూర్తిగా అంగీకరించలేను. మొదటి జవాబులో చెప్పిన టిల్‌మన్, నెలల తరబడి కలిసి గడిపిన తర్వాత కూడా తనను ఇంటిపేరుతోనే పిలిచేవాడనీ, పేరుతో పిలవమని అడిగితే ఒప్పుకోలేదనీ షిప్టన్ రాసుకున్నాడు. వారి స్నేహానికి ఆ మౌనం లోటు చేయలేదు, నిజమే. మాకు మాత్రం చేసింది. ఒక యాత్రలో మా మిత్రుడు, అందరి ప్రయాణమూ తన వల్ల చెడుతుందని, రెండు రోజులపాటు ఛాతీ నొప్పిని దాచిపెట్టాడు. మూడో రాత్రి అతడిని మోసుకుని దిగవలసి వచ్చింది. బతికాడు. ముప్ఫై ఏళ్ల స్నేహం ఉండి కూడా అతడు మాతో ఒక్క మాట చెప్పుకోలేకపోయాడన్న బాధ మాకు ఇప్పటికీ ఉంది.

అప్పటినుంచి బయలుదేరే ముందు ప్రతి ఒక్కరూ తాము వాడే మందులేమిటో అందరి ముందూ చెప్పాలి. దారిలో ఎవరు ‘వెనక్కి’ అన్నా కారణం అడగకుండా అందరమూ తిరగాలి. మొదటిసారి అందరికీ ఇబ్బందిగా అనిపించింది, నాకు మరీ ఎక్కువగా.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న స్టెంట్ వేయించుకున్న మిత్రుడికి ఫోన్ చేసి మందుల గురించి అడిగాను. రెండేళ్లుగా బీటా బ్లాకర్ వాడుతున్నాడట. మాలో ఎవరికీ తెలియదు, ఎవరమూ అడగనూ లేదు. వైద్యుడు అనుమతిస్తే తక్కువ ఎత్తులో రెండు రోజుల నడకకు వస్తానన్నాడు, ముందు నడవడానికి కూడా ఒప్పుకున్నాడు. వేగంగా నడిచే మిత్రుడికి ఇదంతా వివరంగా రాశాను కానీ అతడు ఇంకా జవాబివ్వలేదు. మా గుడారం అతని ఇంట్లోనే ఉంది కాబట్టి, ఆదివారం నేనే వెళ్లి తలుపు తడతాను.