అప్‌డేట్: కాల్షియం వైర్ పెంచినా నాజిల్ పూడుకుపోవడం, కారణం దొరికింది

చెన్నై దగ్గర మా మెల్ట్‌షాపులో (ఉక్కు కరిగించే చోట) అల్యూమినియం కిల్డ్ హీట్లు, అంటే ఆక్సిజన్ తీయడానికి అల్యూమినియం కలిపిన ఉక్కు, పోస్తుంటే టండిష్ నాజిల్ (అచ్చుకి ముందుండే తొట్టి నుంచి ఉక్కు దిగే గొట్టం) పూడుకుపోతోందని, దాన్ని ఆపడానికి కరిగిన ఉక్కులోకి ఇచ్చే కాల్షియం వైర్ పెంచేకొద్దీ ఇంకా ముదురుతోందని ఇక్కడ అడిగాను కదా, అది తీరింది. అందరికీ థాంక్స్, ముఖ్యంగా ముందు సల్ఫర్ చూడమన్న మిత్రుడికి.

నాజిల్ లోపల పేరుకున్న పెచ్చును కోసి ల్యాబుకి పంపాం. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద అల్యూమినాతో (అల్యూమినియం ఆక్సైడ్) పాటు కాల్షియం సల్ఫైడ్ దండిగా కనిపించింది. అల్యూమినా 2,000 డిగ్రీలు దాటితే గానీ కరగదు. కాల్షియం సరిపడా అందితే అది కాల్షియం అల్యూమినేట్‌గా మారి, 1,600 దగ్గర ద్రవంగా ఉండి, గోడకి అంటకుండా జారిపోతుంది. సల్ఫర్ ఎక్కువుంటే మాత్రం కాల్షియం దాన్ని పట్టుకుని గట్టి సల్ఫైడ్ అవుతుంది. వైర్ పెంచడమంటే పెచ్చుకి మేత వేయడమే!

ఇప్పుడు లేడిల్ ఫర్నేసులో (పోతకి ముందు ఉక్కుని శుద్ధి చేసే కొలిమి) సున్నం స్లాగ్‌తో, అంటే ఉక్కు మీద తేలే కరిగిన పొరతో, సల్ఫర్ బాగా దించి, చివర్లోనే వైర్ ఇస్తున్నాం. ఆ తర్వాత ఆర్గాన్ వాయువు మెల్లగా ఊదుతున్నాం, స్లాగ్ చీలి ఉక్కుకి గాలి తగలకుండా. కాస్టింగ్ మధ్యలో ఆగట్లేదు.

నాజిల్ కంపెనీ మార్చడం, సూపర్‌హీట్ (కరిగే స్థాయికి పైన ఉంచే అదనపు వేడి) పెంచడం మాకు అక్కరకు రాలేదు. స్పినెల్ (మెగ్నీషియం, అల్యూమినియం కలిసిన ఆక్సైడ్) అనుమానమూ వీగిపోయింది, మెగ్నీషియం జాడగానే ఉంది. సల్ఫర్ కావాలని కలిపే గ్రేడ్లు పోసేవాళ్లకి మాత్రం ఈ దారి కుదరదు.