శ్రీహరికోట పొరుగున ఉన్నవారికి ఎలాంటి సైన్స్ ఫిక్షన్ నచ్చుతుంది? (చర్చ)

నెల్లూరు పాఠకుడు:
సైన్స్ ఫిక్షన్ కథలన్నా, కొత్త యంత్రాలన్నా నాకు చిన్ననాటి నుండి ప్రాణం. ఇన్నేళ్ళు చదివి, చూసిన తరువాత నాలో స్థిరపడిన అభిప్రాయం ఒకటి ఉంది. రచయిత తన కథలో ఒక అసాధ్యాన్ని ఊహించుకోవచ్చు. మిగిలినచోటల్లా ప్రకృతి నియమాలను గౌరవించాలి, ఆ నియమాలు తెచ్చిపెట్టే చిక్కుల నుండే కథను నడపాలి.

నాకు ఈ అభిప్రాయం కలగడానికి మంగళయాన్ కారణం. 2013 నవంబరు 5న శ్రీహరికోట నుండి బయలుదేరిన ఆ నౌక 2014 సెప్టెంబరు 24 ఉదయం అంగారకుడి కక్ష్యలో ప్రవేశించింది. ఆనాటి దూరానికి రేడియో సంకేతం ఒకవైపు చేరడానికే 12 నిమిషాలకు పైగా పడుతుంది. ఇంజను మండవలసినది సుమారు 24 నిమిషాలు, అందులో కొంతసేపు నౌక గ్రహం చాటుకు వెళ్ళిపోతుంది. ఆజ్ఞలన్నీ ముందే పంపి, బెంగళూరులోని శాస్త్రవేత్తలు చేతులు కట్టుకుని ఎదురుచూడవలసి వచ్చింది. ఇంతటి ఉత్కంఠను కాంతివేగమే ఉచితంగా ఇస్తుండగా, అంగారకుడిపై ఉన్న కథానాయకుడు భూమిపై ఉన్న భార్యతో పక్కగదిలో ఉన్నట్లు మాట్లాడే దృశ్యాలను ఎందుకు తీస్తారో నాకు అర్థం కాదు. ఆ 12 నిమిషాల ఎడబాటులోనే కదా అసలు కథ ఉన్నది!

మన నెల్లూరు, ప్రకాశం ప్రాంతాల మిత్రులు తమ అభిరుచి ఎలా రూపుదిద్దుకున్నదో వ్రాయవలసిందిగా కోరుతున్నాను.

సూళ్లూరుపేట నివాసి:
మా ఊరికీ ప్రయోగ వేదికలకూ మధ్య పులికాట్ సరస్సు ఉంది. దూరం 20 కిలోమీటర్లకు పైమాటే. రాకెట్ లేచినప్పుడు ముందు వెలుగు మాత్రమే కనబడుతుంది. అది చప్పుడు లేకుండా చాలా ఎత్తుకు పోయి, ఒక నిమిషం దాటిన తరువాత గాని ఉరుము వంటి ధ్వని మా మేడల మీదికి చేరదు. అప్పుడు కిటికీ తలుపులు అదురుతాయి. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుందని పాఠ్యపుస్తకంలో చదవకముందే మా పిల్లలకు ఆ సంగతి తెలుసు. అందుచేత, ఎంతో దూరాన జరిగిన పేలుడు తెర మీద వెలుగుతో పాటే వినిపిస్తే మా మనస్సు ఒప్పుకోదు. శూన్యంలో నౌకలు గర్జించుకుంటూ పోవడం గురించి ఇక చెప్పనక్కరలేదు.

మరొక విషయం కూడా చెప్పాలి. భూమి ధ్రువాల మీదుగా తిరిగే ధ్రువ కక్ష్యకు వెళ్ళే పీఎస్ఎల్వీ రాకెట్ ఇక్కడి నుండి నేరుగా దక్షిణానికి పోతే శ్రీలంక మీదుగా ఎగరవలసి వస్తుంది. అందువల్ల ముందు ఆగ్నేయంగా సాగి, ఆ తరువాత దక్షిణానికి మళ్ళుతుంది. ఆ మలుపునకు ఇంధనం ఖర్చవుతుంది, మోయగలిగిన బరువు తగ్గుతుంది. చిన్న రాకెట్లకు ఈ నష్టం భరించరానిది కనుకనే తమిళనాడులోని కులశేఖరపట్నంలో మరొక ప్రయోగ కేంద్రాన్ని నిర్మిస్తున్నారు. దారిలో ఉన్న ఒక ద్వీపం ఇంత పని చేయించింది. పటం ముందు పెట్టుకుని వ్రాసిన అంతరిక్ష కథ ఒక్కటైనా తెలుగులో చదవాలని నా కోరిక.

కావలి సినీ అభిమాని:
పాఠకుడు గారి సూత్రాన్ని నేను పూర్తిగా అంగీకరించలేను. 1991లో విడుదలైన ఆదిత్య 369లో కాలయంత్రం ఏ సూత్రం మీద పనిచేస్తుందో లెక్కగట్టి ఎవరూ చూపలేదు. అయినా అది శ్రీకృష్ణదేవరాయల కాలానికీ, 2504వ సంవత్సరానికీ తీసుకువెళితే మా తరం కళ్ళు విప్పార్చి చూసింది. నేను భౌతికశాస్త్రం చదవడానికి ఆ ఆశ్చర్యమే కారణం. ఏ సమీకరణమూ నన్ను అటువైపు నడిపించలేదు. ముందు విస్మయం కలగాలి, లెక్కలు తరువాత నేర్చుకోవచ్చు. ప్రతి దృశ్యాన్నీ తప్పొప్పుల పట్టికతో చూడటం అలవాటైతే పిల్లలకు ఈ సాహిత్యం దూరమవుతుందని నా భయం.

నెల్లూరు పాఠకుడు:
కావలి మిత్రులు గారూ, నేను అనుమతించిన ఆ ఒక్క అసాధ్యమే కాలయంత్రం. దానిని ఒప్పుకున్న తరువాత కథ తన నియమాన్ని తాను పాటిస్తే నాకు ఎలాంటి అభ్యంతరమూ లేదు. పతాక సన్నివేశంలో అవసరం పడింది కదా అని మూడవ శక్తినీ, నాలుగవ శక్తినీ పుట్టించే కథల గురించే నా బాధ.

ఇందుకూరుపేట రొయ్యల రైతు:
నేను రాకెట్ల గురించి చెప్పను. మా గుంటల గురించి చెబుతాను, ఎందుకంటే మంచి సైన్స్ ఫిక్షన్‌కు కావలసిన సరుకంతా అక్కడ ఉందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

పగలు ఎండ ఉన్నంతసేపు నీటిలోని ప్లాంక్టన్, అంటే కంటికి ఆనని సన్నని నీటి మొక్కలు, ప్రాణవాయువును తయారుచేస్తుంది. రాత్రి అదే ప్లాంక్టన్ రొయ్యలతో పాటు ఆ ప్రాణవాయువును వాడుకుంటుంది. అందువల్ల తెల్లవారే ముందు గుంటలో డీఓ, అంటే నీటిలో కరిగిన ప్రాణవాయువు, అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. లీటరుకు 4 మిల్లీగ్రాముల కన్నా తగ్గితే రొయ్య మేత తగ్గిస్తుంది. ఇంకా పడిపోతే నీటి పైకి తేలుతుంది. ఆ వేళలో కరెంటు పోయి, జనరేటరు అందుకోకపోతే, నీటికి గాలి అందించే ఏరియేటర్లు ఆగిన కొద్ది గంటలలోనే పంట మొత్తం పోవచ్చు. ఇప్పుడు డీఓను ఎడతెగక కొలిచే పరికరాలు వచ్చాయి, రొయ్యలు మేత తినే చప్పుడును నీటి లోపలి మైకుతో విని మేత వేసే యంత్రాలు కూడా వచ్చాయి. చిన్నప్పుడు ఇదంతా కథలో చదివి ఉంటే నేను నమ్మేవాడిని కాను.

కృత్రిమ మేధ గురించిన కథలన్నీ మహానగరాలలోనే ఎందుకు జరుగుతాయి? పది గుంటలకు ఒకే జనరేటరు ఉన్నప్పుడు తెల్లవారుజామున ఏ గుంటకు ముందు గాలి అందించాలో ఒక యంత్రం నిర్ణయించవలసి వస్తే, అందులో నా గుంట ఒకటి, మా బాబాయి గుంట ఒకటి అయితే, ఆ యంత్రానికి న్యాయం ఎవరు నేర్పాలి? ప్రపంచాన్ని జయించాలని చూసే యంత్రం కన్నా ఈ యంత్రం నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తుంది.

చీమకుర్తి యువకుడు:
రైతు గారు చెప్పినది అక్షరాలా నిజం. కథలలో యంత్రమనిషికి రెండు చేతులూ, ఒక ముఖమూ తప్పక ఉంటాయి. మా గెలాక్సీ గ్రానైట్ (మెరిసే చుక్కలున్న నల్లరాయి) క్వారీలలో ఇంటి గోడంత రాయిని కోసేది వజ్రపు పూసలు గుచ్చిన ఒక తీగ. నీరు పోస్తుండగా అది తిరుగుతూ రాయిని విడదీస్తుంది. పనిని బట్టి యంత్రానికి రూపం వస్తుంది. మనిషి పోలిక లేని యంత్రాన్ని పాత్రగా నిలబెట్టగల రచయిత కోసం నేను ఎదురుచూస్తున్నాను.

ఒంగోలు ఉపాధ్యాయిని:
కావలి మిత్రులు గారూ, విస్మయమూ లెక్కా ఒకే మనిషిలో ఇమిడిన సందర్భం ఒకటి గుర్తు చేస్తాను. కల్పనా రచయితగా లోకమెరిగిన ఆర్థర్ సి. క్లార్క్ 1945లో ఒక వైర్‌లెస్ పత్రికలో వ్యాసం వ్రాస్తూ, భూమధ్యరేఖపై సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంచిన ఉపగ్రహం భూమితో సమానంగా తిరుగుతూ ఒకేచోట నిలిచినట్లు ఉంటుందని, అలాంటివి మూడు ఉంటే లోకమంతటికీ ప్రసారాలు అందించవచ్చని వివరించాడు. అప్పటికి ఒక్క ఉపగ్రహమైనా పుట్టలేదు. 1983లో మన ఇన్సాట్-1బి ఆ ఎత్తుకే చేరి, మాటలతో పాటు మేఘాల చిత్రాలను కూడా పంపడం మొదలుపెట్టింది. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన పెనుతుపాను మీకూ మాకూ మరపురానిది. ఈనాడు తుపాను ఎక్కడ పుట్టిందో, ఎటు కదులుతున్నదో గంటగంటకూ చూడగలుగుతున్నామంటే, ఆ ఎత్తు నుండి రెప్ప వేయక చూసే ఉపగ్రహాలే కారణం.

మా తరగతిలో ఈ సంగతి చెప్పిన తరువాత పిల్లలను ఒక్క నియమం ఎంచుకుని దాని మీద కథ వ్రాయమంటాను. చంద్రయాన్-3 వారికి బాగా నచ్చిన అంశం. 2023 జూలై 14న బయలుదేరి ఆగస్టు 23న దిగిన ఆ నౌక నేరుగా పోక భూమి చుట్టూ ఎందుకు తిరిగిందని అడిగి, తక్కువ ఇంధనంతో గమ్యం చేరడానికని తెలుసుకున్న తరువాత, ఆ నెల పైచిలుకు ప్రయాణంలో మనుషులే ఉంటే ఏమి మాట్లాడుకుంటారో ఊహించి వ్రాశారు. నియమం వారి ఊహను అణచలేదు. ఏమి వ్రాయాలో తోచని పిల్లలకు సైతం అదే దారి చూపింది.

మైపాడు తీరవాసి:
మా వారు చేపల వేటకు వెళతారు. సముద్రపు సమాచారం అందించే హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ, ఉపగ్రహాలు కొలిచిన సముద్రపు ఉష్ణోగ్రతనూ, నీటిలోని పత్రహరితాన్నీ బట్టి చేపలు చేరే చోట్లను సూచిస్తుంది. నీటి రంగునూ, పక్షుల వాలకాన్నీ చూసి మా మామగారు చెప్పే గుర్తులు ఒక్కొక్కసారి దానితో సరిపోతాయి, ఒక్కొక్కసారి సరిపోవు. సరిపోని రోజున పడవ ఎటు తిప్పాలన్నదే కథ. నాకైతే ఆ కథ చదవాలని ఉంది.

నెల్లూరు పాఠకుడు:
ఇందుకూరుపేట రైతు గారూ, ఆ జనరేటరు కథను మీరే వ్రాయాలి. మీ అంత దగ్గరగా ఆ విషయం తెలిసినవారు మాలో లేరు.

ఇందుకూరుపేట రొయ్యల రైతు:
తప్పకుండా ప్రయత్నిస్తాను. మైపాడు అమ్మగారి మాట చదివిన తరువాత నాకు మరొక చిక్కు తోచింది. గుంటలో కొన్నాళ్ళు ఉన్న డీఓ పరికరానికి పాకుడు పడుతుంది, తుడవకపోతే తప్పు అంకె చూపిస్తుంది. పరికరం అంతా బాగున్నదని చెబుతున్నప్పుడు, కెమెరాలో మాత్రం నాలుగు రొయ్యలు గట్టు వారన పైకి తేలుతూ కనిపిస్తే, నా కథలోని యంత్రం దేనిని నమ్మాలి? ఉపాధ్యాయిని గారు, సూళ్లూరుపేట మిత్రులు గారు ఈ విషయంలో తమ ఆలోచన చెబితే, అక్కడి నుండే మొదటి ప్రకరణం మొదలుపెడతాను.